ముట్టుకోవద్దన్న సెట్టింగు

చెవులాయన ఎవరింటికెళ్ళినా ముందు ఆ ఇంటివాళ్ళని గదిలోంచి బయటికి పంపేసేవాడు. "ఓ అరగంట అలా వెళ్ళి రండి," అనేవాడు, ఇల్లు తనదే అయినట్టు. లాయరు కావచ్చు, డాక్టరు కావచ్చు, ఎంత పెద్దమనిషైనా సరే, కిమ్మనకుండా వంటింట్లోకో వరండాలోకో వెళ్ళి నిలబడాల్సిందే. తలుపు వేసుకునేవాడు. ఫ్యాను ఆపేసేవాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంటే దాన్ని దించి, తువ్వాలులో చుట్టి, మంచం కింద పెట్టేవాడు.

ఆ తర్వాత ఇంటాయన కూర్చునే కుర్చీలో తను కూర్చునేవాడు. ఎలా పడితే అలా కాదు. దిండు మీద గుంట ఎక్కడుందో చూసి, ఆ మనిషి ఎటు వాలి కూర్చుంటాడో కనిపెట్టి, తనూ అటే వాలేవాడు. కళ్ళు మూసుకుని మూడు ముక్కలు వినేవాడు. మొదటిది వాయిద్యాలేమీ లేని ఓ ఆడగొంతు. రెండోది వయొలిన్. మూడోది పాట కూడా కాదు, సన్నటి లోహపు గంటల మోత. విని, ఫోనులో మోతల హెచ్చుతగ్గులు దిద్దే చుక్కల గీత తెరిచి, ఒక చుక్కని పైకి తోసి, ఇంకోదాన్ని కిందికి లాగి, మళ్ళీ మొదటినుంచి వినేవాడు. మనసు కుదిరాక ఆ సెట్టింగుని ఆ ఇంటి పేరు మీద దాచేవాడు. చివరికి జేబులోంచి తెల్ల కాగితం ముక్కొకటి తీసి పాటల పెట్టె అడుగున అంటించేవాడు. దాని మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది: దీన్ని ముట్టుకోవద్దు.

"బావుంది. ఇక దీన్ని కదపకండి," అని తలుపు తీసేవాడు. ఆయన బావుందంటే బావున్నట్టే. ఇంటివాళ్ళు లోపలికొచ్చి విని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అబ్బ, ఎంత తేడా!" అనేవాళ్ళు.

అసలు పేరు ఆయన భార్యకీ బ్యాంకుకీ తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. హైఫై షాపుకి ఫోన్ చేసేవాళ్ళు కూడా, "కొత్త పెట్టె కొన్నాం, ఆ చెవులాయన్ని పంపండి," అనే అడిగేవాళ్ళు. ఆ పేరు వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. ఒకసారి ఓ సభాభవనంలో కచేరీ జరుగుతుంటే ఈయన ఆఖరి వరసలో కూర్చున్నాడు. పాట మధ్యలో లేచి వెళ్ళి, ఎడమవైపు స్పీకరుకి తీగలు తారుమారుగా తగిలించారని అక్కడి మైకువాడికి చెప్పాడు. వాడు పోవయ్యా పో అన్నాడు. విరామంలో విప్పి చూస్తే నిజంగానే ఎర్రతీగ నల్లదాని చోట ఉంది. ఆ మైకువాడే ఊరంతా చెప్పుకుని తిరిగాడు, మనిషికి అవేం చెవులురా బాబూ అని.

అంతకుముందు పనంతా మేనమామ దగ్గర. మెట్లకింద గదిలో మేనమామకి రేడియో రిపేరు షాపుండేది. పదిహేడో ఏట అందులో చేరిన కుర్రాడు ఏడాది తిరక్కుండానే మీటరు వాడడం మానేశాడు. టేప్‌రికార్డరు గుమ్మంలోకి వస్తుండగానే, "బెల్టు సాగింది," అనేవాడు. మేనమామకి ఒళ్ళు మండేది. నలభై ఏళ్ళు పనిచేసినవాణ్ణి నేనే విప్పి చూడాలి, నీకు గుమ్మంలోనే తెలుస్తుందిట్రా అని తిట్టేవాడు, విప్పేవాడు, బెల్టు సాగే ఉండేది. పెళ్ళయ్యాక భార్య ఆయన చెవుల గురించి బంధువులందరికీ ఒకటే మాట చెప్పేది: "మా ఆయనకి గోడవతల గుసగుసలు వినపడతాయి, పక్కన నిలబడి నేను పిలిస్తే మాత్రం వినపడదు." ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. పాటలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు.

రేడియోలు పోయాయి, టేపులు పోయాయి, సీడీలొచ్చి అవీ పోయాయి. ఈయన మాత్రం మెట్లకింద గదిలోంచి రెండో అంతస్తులో ఉన్న హైఫై షాపుకి మారి అక్కడే స్థిరపడ్డాడు. తొమ్మిదేళ్ళ కింద షాపుకి మొదటి స్ట్రీమర్ వచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో తిరిగేదేముంది?" అని అడిగాడు. తిరిగేదేమీ లేదు. నిఘంటువంత మందం నల్లపెట్టె. బొత్తాం ఒక్కటే. ఇంటర్నెట్‌లోంచో, ఇంట్లో దాచుకున్న డిస్కులోంచో పాట తీసుకుని ఆంప్లిఫయరుకి అందిస్తుంది, అంతే దాని పని. ఫోను కూడా ఆ పని చేస్తుంది కదా అంటే, ఫోను పది పనులు చేస్తూ పాట పాడుతుంది, ఇది పాట తప్ప ఇంకో పని ఎరగదు అన్నాడు షాపు యజమాని. ఆ మాట ఆయనకి నచ్చింది. నెల తిరిగేసరికి చుక్కల గీత మీద ఆయన చెయ్యి తిరిగిపోయింది. గదిలో ఏ మూల మోత ఎక్కువవుతోందో, ఏ తెర గొంతుని మింగేస్తోందో కుర్చీలో కూర్చుని పసిగట్టి, దాన్ని ఫోనులోనే సరిచెయ్యొచ్చు. ఇదివరకు ఇదే పనికి బీరువాలు జరిపించేవాడు.

ఏడాదికోసారి తను పెట్టిన ఇళ్ళన్నీ తిరిగి చూసొచ్చేవాడు. ముందురోజు ఫోన్ చేసి, ఫలానా టైముకి వస్తున్నానని చెప్పి మరీ వెళ్ళేవాడు. వెళ్ళి, కుర్చీలో కూర్చుని, విని, తన సెట్టింగే నడుస్తుండడం చూసి, మిగతా జాబితా జోలికి పోకుండా, తృప్తిగా టీ తాగి వచ్చేసేవాడు.

అరవై రెండో ఏట షాపుకి మైకొకటి వచ్చింది.

చిటికెనవేలంత మైకు. దాన్ని కుర్చీలో నిలబెట్టి స్ట్రీమరుకి తగిలిస్తే, అదే చిత్రమైన మోతలు చేయించి, అదే విని, ఆ గదికి ఏం కావాలో గీత గీసి చూపిస్తుంది. షాపు యజమాని దాన్ని కౌంటరులో పెట్టి వేరే ఊరు వెళ్ళాడు. కౌంటరులో ఉండేది ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఎనిమిదేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. పెట్టెలు అమ్మడం చదువుకుని వచ్చింది కానీ వినడం మాత్రం ఈయన దగ్గరే నేర్చుకుంది. ఆయన్ని బాబాయ్ గారూ అంటుంది.

"ఏదీ, మన గదిలో పెట్టు చూద్దాం," అన్నాడు చెవులాయన. షాపు లోపల జనానికి పాటలు వినిపించే గది అది. ఆ గది సెట్టింగు ఆయన స్వయంగా పెట్టిందే, ఆర్నెల్ల కింద.

"ఇప్పుడెందుకులెండి బాబాయ్ గారూ. టీ తాగుదాం పదండి," అంది ఆ అమ్మాయి.

"టీ ఎక్కడికీ పోదు. పెట్టు."

పెట్టింది. మైకు విని గీత గీసింది. గీత ఎడమనుంచి తిన్నగా వచ్చి, కుడి చివర కొండెక్కినట్టు పైకి లేచింది. ట్రెబుల్ అంతా, సన్నటి మోతలన్నీ ఉండాల్సినదానికంటే బోలెడు ఎక్కువున్నాయని దానర్థం. చెవులాయన అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మైకు పాడైంది," అన్నాడు.

"అయ్యుంటుంది," అందా అమ్మాయి చప్పున. "తిప్పి పంపించేద్దాం."

ఆమె అంత తొందరగా ఒప్పేసుకోవడం ఆయనకి నచ్చలేదు. మామూలుగా పెట్టె పాడైందని ఆయనంటే ఆమె గంటసేపు వాదించే రకం. "ఊరికే ఒప్పుకోకు. తాడోపేడో తేల్చేద్దాం," అని ఫోనులో పరీక్ష మోత పెట్టాడు. లావు మోతతో మొదలై సన్నబడుతూ సన్నబడుతూ పోయే ఈల అది. "వినపడ్డంతసేపూ వేలెత్తి ఉంచుదాం. నువ్వూ ఎత్తు. మోత ఎక్కడ ఆగుతుందో మైకు ఏమంటుందో చూద్దాం."

ఇద్దరూ వేళ్ళెత్తారు. ఈల సన్నబడే కొద్దీ ఫోను తెర మీద అంకె పెరుగుతోంది. అంకె ఏడువేలు దాటగానే చెవులాయన వేలు దించి, "ఆగిపోయింది. చూశావా, పెట్టెలోనే ఏదో ఉంది," అన్నాడు. అని అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. వేలు ఇంకా పైనే ఉంది. తెర మీద అంకె తొమ్మిదివేలయింది, పన్నెండయింది, పద్నాలుగయింది. ఆమె కళ్ళు తెరిచి, దించేసి ఉన్న ఆయన చెయ్యి చూసి, గబుక్కున తన వేలు దించేసింది.

షాపు బయట లిఫ్టు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు చెవులు సరిగ్గా వినపడ్డం లేదా?" అని అడిగాడు.

"మాటలు వినపడతాయిగా."

"సన్నటివి."

"వాషింగ్ మెషిన్ పిలిస్తే మీరు పలికి నాలుగేళ్ళయింది," అందావిడ, మడత ఆపకుండా.

"మరి చెప్పవేం?"

"రెండుసార్లు చెప్పాను. మొదటిసారి ఏదో ఆలోచనలో ఉన్నానన్నారు. రెండోసారి మెషిన్ పాడైందన్నారు. మీరే దాన్ని విప్పి, అందులో మోత చేసేది తీసేసి, ఇంకో పెద్దది తెచ్చి బిగించారు. ఇప్పుడది మోగితే పక్కింటావిడ వచ్చి మీ బట్టలైపోయాయని చెప్తోంది."

ఇంకెప్పుడైనా అయితే ఆయన నవ్వేవాడు. "వయసు, అంతే. డాక్టరూ అదే చెప్తాడు," అంది భార్య, మెత్తగానే. ఆయనకి డాక్టరుతో పనిలేదు. వయసొస్తే చెవి తగ్గుతుందని ఆయనకి తెలియదా ఏం? నలభై ఏళ్ళు ఎందరికో తనే చెప్పాడు. ఆయన్ని తినేస్తున్నది వేరు. సన్నటి మోతలు తనకి వినపడక, గంటలు మందంగా ఉన్నాయనుకుని, నాలుగేళ్ళుగా ఇంటింటికీ వెళ్ళి పై చుక్కలు మూడూ పైకి తోసి వచ్చాడు. చేసిన పని తప్పు, పైగా ముట్టుకోవద్దని కాగితం కూడా అంటించాడు. ఎన్ని ఇళ్ళలో జనం నాలుగేళ్ళుగా ఆ కీచుమోత భరిస్తున్నారో! ఆయన తన నోట్‌బుక్ తీసి లెక్కపెట్టాడు. నలభై ఒక్క ఇళ్ళు. ఇక ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళాలి, సరిచెయ్యాలి, అదీ ఎవరికీ తెలియకుండా. తెలిస్తే ఆయన దగ్గర మిగిలేదేమీ లేదు. పెట్టెకి తీగలు తగిలించడం ఎవరైనా చేస్తారు.

మర్నాడు పొద్దున్నే మైకు సంచిలో వేసుకుని బయల్దేరాడు. "కొత్త అప్‌డేట్ వచ్చింది, ఎక్కించాలి" అని చెప్పాలనుకున్నాడు. సిగ్గుతో ఎవరికీ ఫోన్ కూడా చెయ్యలేదు. అదే ఆయన చేసిన పొరపాటు, లేదా అదే మంచిదయింది, ఎలాగైనా అనుకోండి.

మొదటి ఇల్లు ఓ కాలేజీ లెక్చరరుది. తలుపు తీసి ఈయన్ని చూసి ఆ లెక్చరరు తెల్లమొహం వేశాడు. లోపల పాట మోగుతోంది. "ఒక్క నిమిషం మేష్టారూ, ఒక్క నిమిషం," అంటూ ఫోను కోసం పరిగెత్తాడు. ఈయన అప్పటికే లోపలికొచ్చి తన ఫోను తెరిచాడు. మోగుతున్నది తన సెట్టింగు కాదు. దాని పక్కనే ఇంకోటుంది, పేరు "మామూలు". అందులో పై చుక్కలు మూడూ కిందికి దిగి ఉన్నాయి. చేసిన తేదీ కూడా ఉంది.

"ఇదెవరు పెట్టారు?"

లెక్చరరు నీళ్ళు నమిలాడు. "మా ఆవిడకి తలనొప్పండీ... అప్పుడప్పుడు... మీది అలాగే ఉంచాం, చెరపలేదు. మీరొచ్చే రోజు మీదే పెడతాం."

అత్తగారిచ్చిన పూలకూజాని అత్తగారొచ్చే రోజే హాల్లోకి తెచ్చిపెట్టే ఇళ్ళుంటాయి. చెవులాయన సెట్టింగు గతి అదీ. ఆయన బయటికొచ్చేశాడు. రెండో ఇంట్లోనూ "మామూలు". మూడో ఇంట్లోనూ. ఎక్కడా మైకు సంచిలోంచి తియ్యాల్సిన పని పడలేదు. కాలికి బలపం కట్టుకున్నట్టు మూడు రోజులు తిరిగాడు, పదకొండు ఇళ్ళు. ఒకాయన ఈయన్ని కిటికీలోంచి చూసి పాటే ఆపేశాడు. అందరూ మర్యాదస్తులే. ఒక్కరూ మొహం మీద అనలేదు. అదే ఆయనకి ఎక్కువ మండింది. తప్పు చేశావయ్యా అని ఒక్కడంటే ఒక్కడు చెప్పి ఉంటే, మిగతా ఇళ్ళన్నా బాగుపడేవి కదా!

మూడో రోజు మధ్యాహ్నం బస్టాపులో కూర్చుని నోట్‌బుక్‌లో తేదీలు చూసుకున్నాడు. పదకొండు ఇళ్ళలోనూ ఒకటే పేరు, "మామూలు". ఒకటి రెండు తప్ప అన్నిట్లోనూ అది పెట్టింది తను వెళ్ళొచ్చిన రెండో రోజున. ఇంతమంది వేరువేరుగా ఒకే పేరు, ఒకే రోజు ఎలా అనుకుంటారు? ఇది ఒక్క చేతి పని. ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి ఇట్టే తెలిసిపోయింది. ఎదురుగా వచ్చిన బస్సెక్కి తిన్నగా షాపుకెళ్ళాడు.

కౌంటరు అమ్మాయి ఆయన మొహం చూసి లేచి నిలబడింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు.

"నాలుగేళ్ళు," అంది. అబద్ధం ఆడలేదు. "మొదటి ఏడాది ఇద్దరు ఫోన్ చేశారు, చెవులు గింగిర్లెత్తుతున్నాయని. తర్వాతి ఏడాది ఏడుగురు. ఆ తర్వాత వాళ్ళు చేసేదాకా ఆగకుండా నేనే చేసేదాన్ని, మీరు వెళ్ళొచ్చిన రెండో రోజు. పై చుక్కలు మూడు దింపించి, మామూలు అని పేరు పెట్టించేదాన్ని. మీది చెరపొద్దని చెప్పేదాన్ని."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. యజమానికి కూడా తెలీదు."

"దింపడం ఎక్కడ ఆపాలో నీకెలా తెలుసు?"

"మీరు నేర్పిందే కదా బాబాయ్ గారూ. మీకు బాగా వినపడే రోజుల్లో."

"మరి నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"రాలేదు," అంది.

"నాలుగేళ్ళు నా వెనకాల గుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ వచ్చావన్నమాట," అన్నాడు. గొంతు పెద్దదయింది. పాటల గదిలో ఉన్న ఇద్దరు తొంగి చూశారు. "చూసేవాళ్ళకి నేను వేషగాణ్ణయ్యాను. అందరికీ తెలుసు. నాకు తప్ప అందరికీ తెలుసు." ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ పూట ఆయనకి జాలి కలగలేదు. తనకోసమే చేసిందని తెలుసు, తెలిసినా కోపం పోలేదు. సంచి భుజానేసుకుని మెట్ల దగ్గరికెళ్ళిపోయాడు.

ఆమె మెట్ల దాకా వెనకాలే వచ్చింది. "ఒక్క ఇల్లు ఉండిపోయింది బాబాయ్ గారూ," అంది. "ఆ టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన పెద్దావిడ. నేను ఫోన్ చేస్తే 'బ్రహ్మాండంగా ఉందమ్మా' అని పెట్టేసింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే మాట. ఆ ఒక్క ఇంట్లోనే మీరు పెట్టింది ఇంకా నడుస్తోంది."

అంటే చెయ్యాల్సిన పని ఇంకా ఒకచోట ఉంది. ఆయన మర్నాడు పదకొండు గంటలకి ఆ ఇంటికెళ్ళాడు.

పెద్దావిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మూడో అంతస్తులో ఇరుకు హాలు. కిటికీ పక్కన స్పీకర్లు, మధ్యలో అరపైన నల్లపెట్టె, ఎదురుగా ఆవిడ కుర్చీ. కొడుక్కి ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఇంట్లో ఉండేది ఆవిడా, కోడలూ. కోడలు కిందనే మందుల షాపులో పనిచేస్తుంది. ఈయన్ని చూసి పెద్దావిడ పొంగిపోయింది.

"రా నాయనా, రా! నీ పుణ్యమా అని రోజూ పాటలు వింటున్నాను. ఇదివరకు అన్నీ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుండేవి. నువ్వొచ్చి ఏం చేశావో గానీ మాట మాటా ముత్యంలా వినపడుతోంది."

"అమ్మా, అది తప్పు," అన్నాడాయన.

"ఏది తప్పు?"

"నేను పెట్టింది. ట్రెబుల్ చాలా ఎక్కువైపోయింది. సరిచేద్దామని వచ్చాను."

"నాకు చెప్పకు," అందావిడ. "ముప్ఫై ఏళ్ళు చెవికి రిసీవరు తగిలించుకుని బతికినదాన్ని. ఏది బావుందో నాకు తెలీదా? దాని మీద చెయ్యేస్తే ఊరుకోను. పైగా ముట్టుకోవద్దని నువ్వే రాసిపెట్టావు."

ఆయన కూలబడ్డాడు. ఆవిడ పాట పెట్టింది. పాట స్పష్టంగా, సరిగ్గా, ఆయనకి ఎలా ఉండాలో అలాగే ఉంది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఒక పాట ఆయనకి బావుంది. ఆవిడ చెవీ తన చెవీ ఒకే చోట ఆగిపోయాయని అర్థమైంది. చుట్టాలింటికి వచ్చినట్టు ప్రాణం కుదుటపడింది. ఈ ఒక్క ఇల్లు ఇలాగే వదిలేసి వెళ్ళిపోతే ఏం, అనుకున్నాడు. ఈవిడకి నచ్చింది. అడిగేవాళ్ళు లేరు. లేచి సంచి అందుకున్నాడు.

అప్పుడు కోడలు భోజనానికి పైకి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, పాట విని ఒక్క క్షణం ఆగి, రెండు చేతులూ చెవుల దాకా తీసుకెళ్ళి, ఈయన్ని చూసి దించేసింది. నమస్కారం పెట్టి వంటింట్లోకెళ్ళి తలుపేసుకుంది.

"దానికి పాటలు పడవు," అంది పెద్దావిడ. "ఏడాదిన్నరగా ఇంతే. పాట పెడితే చాలు, తలుపేసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఎంత బాగా పాడేదో! ఇప్పుడు కూనిరాగం కూడా తియ్యదు."

ఏడాదిన్నర. ఆయన ఈ ఇంట్లో పెట్టె పెట్టి సరిగ్గా ఏడాదిన్నర. ఆయన సంచి కింద పెట్టి వంటింటి తలుపు తట్టాడు.

"ఏమ్మా, ఆ పాట చెవిలో గుచ్చుకుంటోందా?"

ఆమె అత్తగారి వైపు చూసింది, చెప్పాలా వద్దా అన్నట్టు. "నా చెవులే బాగాలేవండీ," అంది. "సన్నగా సూది పెట్టి పొడిచినట్టుంటుంది. మొదట పెట్టెలో ఏదో తేడా ఉందనుకున్నాను. మీ షాపు నుంచి ఫోనొస్తే అత్తయ్య బ్రహ్మాండంగా ఉందన్నారు. అసలు మీరే వచ్చి విని, బావుందన్నారు కదా. ఆర్నెల్ల కింద కూడా వచ్చి బావుందన్నారు. మీ అంతవాళ్ళు బావుందంటే ఇక లోపం నాదే అనుకున్నాను. డాక్టరుకి చూపించుకున్నాను కూడా. ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే ఎందుకిలా ఉంటుందో తెలీదు. పాడ్డం కూడా మానేశాను, నా శ్రుతి నాకు సరిగ్గా వినపడుతోందో లేదో అని భయం."

మిగతా నలభై ఇళ్ళలో జనం ఆయన మాట పక్కన పెట్టి తమ చెవుల్ని నమ్మారు. ఈ ఒక్క పిల్ల తన చెవుల్ని పక్కన పెట్టి ఆయన మాట నమ్మింది.

సంచిలో మైకుంది. తీసి కుర్చీలో నిలబెడితే పది నిమిషాల్లో అదే సరిచేస్తుంది. కొత్త అప్‌డేట్ అమ్మా, పెట్టెలో చిన్న లోపముండేది, పోయింది అని చెప్తే ఆమె నమ్ముతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన మైకు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మళ్ళీ సంచిలోనే పడేశాడు.

"ఇలా వచ్చి కూర్చోమ్మా," అన్నాడు. పెద్దావిడని బతిమాలి లేపి, కోడల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. పెద్దావిడ సెట్టింగుని ఆవిడకే ఉంచి, పక్కన కొత్తది తెరిచాడు. గంటల మోత పెట్టాడు. ఆమె మొహం చిట్లించింది.

"లోపం నీ చెవిది కాదమ్మా," అన్నాడు. "నాది. నాకు సన్నటివి వినపడవు. నాలుగేళ్ళయింది. నాకు వినపడక నీకు గుచ్చుకునేదాకా పెంచేశాను. నేను బావుందన్నది తప్పు."

ఆమె చప్పున ఆయన మొహంలోకి చూసింది.

"నేనిప్పుడు మెల్లగా దింపుతాను. ఎక్కడ ఆపాలో నువ్వు చెప్పు. నా మొహం చూడకు, కళ్ళు మూసుకో."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన చుక్క మీద వేలుపెట్టి కిందికి లాగాడు. కొంచెం లాగాడు, ఆగాడు, ఇంకొంచెం లాగాడు. ఆమె భుజాలు నెమ్మదిగా దిగాయి.

"అక్కడ," అంది. "అక్కడ ఆపండి."

ఆయన చెవికి ఇందాకటికీ ఇప్పటికీ తేడా ఏమీ తెలియలేదు. వేలు తీసేశాడు.